స్కూల్ కల్చరల్ ఫెయిర్‌లో స్పెయిన్ స్టాల్: పొయ్యి లేకపోయినా బల్ల మీద నిలిచే వంటకాలు

కల్చరల్ ఫెయిర్‌లో మీ పిల్లలకి స్పెయిన్ వచ్చిందని తెలియగానే చుట్టుపక్కల వాళ్లు ఇచ్చే మొదటి సలహా పయేయా. రెండోది టాకోలు. రెండూ వద్దు.

టాకో, బరీటో, నాచోస్ మెక్సికో వైపు తిండి. అక్కడ మాట్లాడేది కూడా స్పానిషే, కానీ దేశం వేరు, వంట వేరు. స్పెయిన్ జెండా కింద టాకోలు పెడితే స్పానిష్ టీచర్‌కి మొదట కనిపించేది ఆ తప్పే. పయేయా మాత్రం అచ్చంగా స్పెయిన్‌దే, వాలెన్సియా ప్రాంతానిది. అయితే వెడల్పాటి పళ్లెంలో బియ్యం పలచగా పరిచి, ఒకసారి నీళ్లు పోశాక గరిటె పెట్టకుండా వండి, అడుగున అన్నం కరకరలాడేలా పట్టించి, దించిన కాసేపటికే తినేయాల్సిన వంట అది. పొద్దున వండి డబ్బాలో పెట్టి మధ్యాహ్నం మూత తీస్తే మిగిలేది పసుపు రంగు ముద్ద. పైగా వాలెన్సియా వాళ్ల పద్ధతిలో అందులో కోడితో పాటు కుందేలు మాంసం పడుతుంది. స్కూల్లో అదంతా ఎందుకు?

స్టాల్ వంటకి ఉండే ఇబ్బందులు వేరు. పొయ్యి ఉండదు. ప్లేటు, చెంచా పట్టుకుని నిలబడే చోటు ఉండదు. వచ్చేవాళ్లలో సగం మంది పిల్లలు, వాళ్లకి ఓపిక ఉండదు. అంటే వంటకం చల్లారినా బాగుండాలి, ఒక్క చేత్తో తినేలా ఉండాలి, రెండు ముద్దల్లో అయిపోవాలి. ఈ లెక్కకి స్పెయిన్ అంత బాగా సరిపోయే దేశం ఇంకోటి దొరకడం కష్టం. అక్కడి బార్లలో తాపాస్ అని చిన్న చిన్న ప్లేట్లలో తినడం రోజూ ఉన్న అలవాటే. ఉత్తరాన బాస్క్ ప్రాంతంలో, ముఖ్యంగా సాన్ సెబాస్టియన్ ఊళ్లో, రొట్టె ముక్క మీద ఏదో ఒకటి పెట్టి టూత్‌పిక్ గుచ్చి బార్ బల్ల నిండా వరుసగా పేరుస్తారు. వాటిని పించోలు అంటారు. మీ స్టాల్ కూడా అలాగే కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

యాభై, అరవై మందికి రుచి చూపించడానికి నా ఎంపిక ఇది: రెండు బంగాళాదుంప తోర్తియాలు (గుడ్లతో వేసే మందపాటి అట్లు), రొట్టె మీద టమాటా, చిన్న కప్పుల్లో అరోస్ కొన్ లెచే (వాళ్ల పాల పాయసం). ఓపిక ఉంటే పాలకూర శనగలు. మూడు వంటకాలు బాగా చేస్తే చాలు. ఎనిమిది రకాలు పెట్టిన బల్ల దగ్గర ఏది ఏమిటో చెప్పడానికే పిల్లలకి సమయం సరిపోదు.

ముందు స్కూల్ వాళ్లని అడగాల్సినవి

వారం ముందే మెయిల్ పెట్టి నాలుగు విషయాలు తెలుసుకోండి. ఇంట్లో వండినవి అనుమతిస్తారా? నట్స్ నిషేధం ఉందా? ఫ్రిజ్, మైక్రోవేవ్ వాడుకోనిస్తారా? స్టాల్ ఎంతసేపు తెరిచి ఉంచాలి? అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చాలా స్కూళ్లు నట్స్ రానివ్వవు. అలాంటి చోట తార్తా దె శాంతియాగో గురించి మర్చిపోండి. గలీసియాలో శాంతియాగో దె కొంపోస్తేలా పేరు మీద చేసే బాదం కేక్ అది. మైదా లేకుండా బాదం పొడి, గుడ్లు, చక్కెర, నిమ్మ తొక్క తురుముతో చేసి, పైన సిలువ ఆకారం కత్తిరించిన కాగితం పెట్టి పంచదార పొడి జల్లుతారు. చూడటానికి చాలా బాగుంటుంది. నట్స్‌కి అభ్యంతరం లేని స్కూల్ అయితే మూడింట్లో ఒకటి తీసేసి దీన్ని పెట్టుకోవచ్చు.

ఇంట్లో వండినవి అసలు వద్దంటే కంగారు పడక్కర్లేదు. సీసా ఆలివ్‌లు, నారింజ తొనలు, మేరీ బిస్కెట్లు పెట్టండి. మేరీ బిస్కెట్ 1874లో లండన్‌లో పీక్ ఫ్రీన్స్ కంపెనీ చేసింది. అయితే దాన్ని సొంతం చేసుకున్నది స్పెయిన్. అక్కడ పొద్దున్నే పాలలో ముంచుకుని తినే బిస్కెట్ ఇదే. మన ఇళ్లలో టీలో ముంచుకునేదీ అదే కాబట్టి తెలుగు పిల్లలకి చెప్పడానికి మంచి కబురు కూడా.

కొనాల్సినవి

ఆలివ్ నూనె విషయంలో పిసినారితనం కొంతవరకే పనికొస్తుంది. ప్రపంచంలో ఆలివ్ నూనె ఎక్కువగా తీసేది స్పెయినే. అక్కడి వంట సగం నూనె రుచే. అందుకని పచ్చిగా పోసేచోట, అంటే టమాటా రొట్టె మీద, ఎక్స్‌ట్రా వర్జిన్ వాడండి. బంగాళాదుంపలు వేయించడానికి మామూలు ఆలివ్ నూనె, అదీ ఖరీదనిపిస్తే సగానికి సగం పొద్దుతిరుగుడు నూనె కలపండి. స్పెయిన్ ఇళ్లలోనూ పొద్దుతిరుగుడు నూనె వాడతారు.

రెండోది పిమెంతోన్. అంటే వాళ్ల ఎండుమిరప పొడి. ఎక్స్‌ట్రెమదూరాలోని లా వేరా ప్రాంతంలో మిరపకాయల్ని ఎండలో కాకుండా ఓక్ కట్టెల పొగ మీద ఆరబెట్టి పొడి కొడతారు. అందుకే దానికి పొగ వాసన. తియ్యటిది, ఘాటుది, రెంటికీ మధ్యస్తంగా ఉండేది అని మూడు రకాలు ఉంటాయి, తియ్యటిది కొనండి. సూపర్‌మార్కెట్లో స్మోక్డ్ పాప్రికా అన్న పేరుతో దొరుకుతుంది. దొరక్కపోతే కశ్మీరీ మిరప పొడి రంగు ఇస్తుంది, పొగ వాసన మాత్రం రాదు. గుంటూరు కారం వేస్తే మనకి నచ్చుతుందేమో గానీ ప్లేట్లో స్పెయిన్ మిగలదు. అలాగే కరివేపాకు, ఆవాల తాలింపు, ధనియాల పొడి, గరం మసాలా, వీటిలో దేని మీదకీ ఆ రోజు చెయ్యి పోకూడదు.

పంది మాంసం ఉండే హామోన్, చొరీసో స్పెయిన్‌లో ప్రతి బార్లోనూ కనిపిస్తాయి. స్కూల్ స్టాల్‌కి తేవద్దు. తినని వాళ్లు చాలామంది ఉంటారు, పక్క పళ్లెంలో ఉన్నా మొత్తం బల్లనే వదిలేసి వెళ్తారు.

బంగాళాదుంప తోర్తియా

ఇది మెక్సికో చపాతీ లాంటి తోర్తియా కాదు. గుడ్లు, బంగాళాదుంపలు, ఆలివ్ నూనె, ఉప్పు కలిసిన మందపాటి అట్టు. స్పెయిన్‌లో ఏ మూలకి వెళ్లినా ఉంటుంది, వేడిగా తింటారు, చల్లగా తింటారు, రొట్టె మధ్య పెట్టుకుని తింటారు. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది అక్కడ తరతరాలుగా తెగని తగువు. గలీసియాలోని బెతాన్సోస్ ఊరి పద్ధతిలో ఉల్లి ఉండదు, లోపల గుడ్డు జారుగా కారుతూ ఉంటుంది. నేనైతే ఉల్లి పక్షమే. చల్లారాక కూడా ముక్క మెత్తగా, కాస్త తియ్యగా ఉండేది ఉల్లి వల్లనే.

ఒక తోర్తియాకి, అంటే సుమారు ముప్పై చిన్న ముక్కలకి: 700 గ్రాముల బంగాళాదుంపలు, ఒక పెద్ద ఉల్లిపాయ, 6 గుడ్లు, 300 మి.లీ. నూనె, ఒకటింపావు చెంచా ఉప్పు. 24 సెం.మీ. నాన్‌స్టిక్ పాన్ ఒకటి, దానికంటే కొంచెం పెద్ద పళ్లెం ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. పళ్లెం అంచు లేకుండా చదునుగా ఉంటే మంచిది.

1. దుంపలు చెక్కు తీసి నిలువునా రెండుగా కోసి, అడ్డంగా 3 మి.మీ. మందాన ముక్కలు తరగండి. అన్నీ అచ్చం ఒకేలా ఉండక్కర్లేదు. కొన్ని పలచటి ముక్కలు విరిగి పిండిగా మారితేనే అట్టు గట్టిగా పట్టుకుంటుంది. కడిగితే పొడి గుడ్డతో బాగా తుడవండి.

2. నూనె వేడెక్కాక దుంపలు, సన్నగా తరిగిన ఉల్లి, సగం ఉప్పు వేసి మంట తగ్గించండి. ఇక్కడే మన చెయ్యి తొందరపడుతుంది. మనకి వేపుడు అంటే ఎర్రగా వేగాలి. ఇక్కడ ఎర్రబడకూడదు. నూనెలో చిన్న బుడగలు నెమ్మదిగా వస్తూ ఉండాలి, ముక్కలు నూనెలో ఉడకాలి. ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. నాలుగైదు నిమిషాలకోసారి అట్లకాడతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉండండి. అట్లకాడ అంచుతో నొక్కితే ముక్క అడ్డం లేకుండా తెగిపోవాలి, రంగు మాత్రం లేత పసుపులోనే ఉండాలి.

3. చిల్లుల గిన్నెలో వంపి నూనె కింద గిన్నెలోకి కారనివ్వండి. ఆ నూనె పారేయొద్దు. వడగట్టి రెండో తోర్తియాకి వాడుకోవచ్చు.

4. గుడ్లు మిగిలిన ఉప్పుతో ఫోర్కుతో గిలకొట్టండి. నురగ రావాల్సిన పని లేదు. దుంపలు కాస్త చల్లారాక గుడ్లలో కలిపి పది, పదిహేను నిమిషాలు వదిలేయండి. ఈ నానడం వల్ల గుడ్డు ముక్కల్లోకి ఇంకి, కోసినప్పుడు పొరలు విడిపోకుండా ఉంటుంది. దీన్ని ఎవరైనా ఎగ్గొడతారని ముందే చెబుతున్నాను, ఎగ్గొట్టొద్దు.

5. పాన్‌లో రెండు చెంచాల నూనె బాగా వేడి చేసి మిశ్రమం మొత్తం పోయండి. అర నిమిషం పెద్ద మంట మీద అంచులు కదిపి, తర్వాత మంట బాగా తగ్గించి ఆరేడు నిమిషాలు ఉంచండి. పాన్ ఊపితే అట్టు మొత్తం ఒక్కటిగా కదలాలి. పైన మధ్యలో కాస్త తడి ఉంటే ఫర్వాలేదు.

6. తిప్పడం. పొయ్యి ఆపండి. పళ్లెం పాన్ మీద బోర్లించి, ఎడమ అరచేయి పళ్లెం మీద గట్టిగా ఆనించి, సింకు మీదికి వంగి ఒక్క ఊపులో తిప్పేయండి. సగంలో ఆగితే గుడ్డు మోచేతి దాకా కారుతుంది. పళ్లెం మీద పడిన అట్టుని నెమ్మదిగా జారుస్తూ తిరిగి పాన్‌లోకి పంపి, అట్లకాడతో అంచుల్ని కిందికి మడిచినట్టు నొక్కండి. అప్పుడే ఆ గుండ్రటి దిండు ఆకారం వస్తుంది. మళ్లీ ఐదారు నిమిషాలు.

ఇంట్లో తినడానికైతే లోపల కాస్త జారుగా వదలడం స్పెయిన్‌లో చాలామందికి ఇష్టం. స్కూల్‌కి మాత్రం అలా వద్దు. గుడ్డు పూర్తిగా గట్టిపడాలి. మధ్యలో చాకు గుచ్చితే తడి అంటకూడదు. వంట థర్మామీటర్ ఉంటే మధ్యలో 71 డిగ్రీల సెల్సియస్ దాటిందా చూడండి.

ముందురోజు సాయంత్రం చేసి, చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రంతా ఉన్న తోర్తియా చక్కగా కోతకి వస్తుంది. పొద్దున చతురస్రపు ముక్కలు కోసి ఒక్కోదానికి టూత్‌పిక్ గుచ్చండి. అంచు ముక్కలు వంకరగా వస్తాయి, అవి ఇంట్లో వాళ్లకి.

పాన్ కొన్ తొమాతే

కాటలోనియాలో ఇది లేకుండా భోజనం మొదలుకాదు. కాల్చిన రొట్టె, వెల్లుల్లి, టమాటా, నూనె, ఉప్పు, అంతే. ఇన్ని తక్కువ వస్తువులున్న వంటలో ఏ ఒక్కటి బాగోకపోయినా దాచడానికి చోటు ఉండదు. టమాటా బాగా పండి ఉండాలి, వేలితో నొక్కితే లొంగాలి. కాటలాన్లు దీనికోసం గుత్తులుగా కట్టి వేలాడదీసి నెలల తరబడి నిల్వ ఉంచే ప్రత్యేకమైన టమాటాలు వాడతారు. మన దగ్గరైతే గట్టి తోలున్న బెంగళూరు టమాటా కంటే రసం ఎక్కువున్న నాటు టమాటా ఎంతో మేలు.

అరవై ముక్కలకి రెండు పొడుగాటి బాగెట్ రొట్టెలు, కిలో టమాటాలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, అర కప్పు ఎక్స్‌ట్రా వర్జిన్ నూనె, ఉప్పు సరిపోతాయి.

టమాటాని అడ్డంగా రెండు ముక్కలు చేసి, కోసిన వైపు తురుముపీట పెద్ద రంధ్రాల మీద ఆనించి రుద్దండి. గుజ్జు కిందికి పోతుంది, తోలు అరచేతిలో మిగిలిపోతుంది. వేలు తగిలేలోపు తోలే అడ్డొస్తుంది కాబట్టి ఈ పని పిల్లలకి ధైర్యంగా ఇవ్వొచ్చు. గుజ్జుని జల్లెడలో పది నిమిషాలు వదిలి పలచటి నీరు తీసేసి, ముప్పావు చెంచా ఉప్పు కలిపి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. మిక్సీ వద్దు. మిక్సీలో గాలి చేరి ఎరుపు కాస్తా గులాబీ రంగు నురగ అవుతుంది.

రొట్టె 2 సెం.మీ. మందాన కోసి ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర ఎనిమిది, పది నిమిషాలు, లేదా పెనం మీద రెండు వైపులా కాల్చండి. వేడి మీదే ఒలిచిన పచ్చి వెల్లుల్లి రెబ్బతో ముక్క మీద ఒక్కసారి గీయండి. గరుకుగా ఉన్న రొట్టె మీద వెల్లుల్లి తనంతట తానే అరుగుతుంది. పిల్లలకి కదా, ఒక్క గీత చాలు.

టమాటా పూయడం మాత్రం స్టాల్ దగ్గరే, ఎవరైనా వచ్చి నిలబడ్డాకే. ఇంట్లో పూసి తెస్తే గంటలో రొట్టె తడిసి వేలాడుతుంది. ఒక చెంచా గుజ్జు, పైన నాలుగు చుక్కల నూనె. ఆ పని మీ అబ్బాయో అమ్మాయో చేస్తుంటే చూడటానికే జనం చేరతారు, అదే స్టాల్‌కి ప్రచారం. దీంట్లో పాలు, గుడ్లు, మాంసం ఏదీ లేదు, గోధుమ పడనివాళ్లు తప్ప అందరూ తినొచ్చు.

అరోస్ కొన్ లెచే

స్పెయిన్ ఉత్తరాన అస్తూరియాస్ పచ్చిక బయళ్లు, పాడి ఉన్న ప్రాంతం. అక్కడి పాయసం ఇది. మన పరమాన్నం చేసే చెయ్యికి ఇందులో కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, మానుకోవాల్సినవే ఉన్నాయి: యాలకులు, జీడిపప్పు, కిస్మిస్, నెయ్యి. వాసనంతా దాల్చిన చెక్క, నిమ్మ తొక్క నుంచే రావాలి.

లీటరు చిక్కటి పాలు, 120 గ్రాముల బియ్యం, వేలెడంత దాల్చిన చెక్క, ఒక నిమ్మకాయ తొక్క, 90 గ్రాముల చక్కెర, చిటికెడు ఉప్పు. బియ్యం పొట్టి గింజవైతే మంచిది. విదేశాల్లో అర్బోరియో, మన దగ్గర సోనా మసూరి పర్వాలేదు. బాస్మతి వద్దు, దాని వాసన దాల్చిన చెక్కతో కొట్లాడుతుంది. నిమ్మ తొక్క చాకుతో పైపైన పసుపు పొర మాత్రమే తీయండి. కింద తెల్ల పొర వస్తే చేదు, రసం పడితే పాలు విరుగుతాయి.

పాలు, దాల్చిన చెక్క, నిమ్మ తొక్క, ఉప్పు మరిగాక బియ్యం వేసి, సన్న మంట మీద నలభై నుంచి నలభై ఐదు నిమిషాలు కలుపుతూ ఉడకనివ్వండి. చక్కెర చివరి పది నిమిషాల్లోనే వేయాలి. ముందే వేస్తే గింజ మెత్తబడకుండా బిగుసుకుంటుంది, అడుగూ అంటుతుంది. గరిటె జారుగా ఉండగానే దించేయండి, చల్లారాక ఇంకా బిగుస్తుంది. బాగా గట్టిపడితే పొద్దున కాసిని చల్లటి పాలు కలపండి.

చెక్క, తొక్క తీసేసి ఇరవై, ఇరవై ఐదు చిన్న కప్పుల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి. అరవై మందికి కావాలంటే కొలతలు రెండింతలు చేసి, కప్పులు ఇంకాస్త చిన్నవి తీసుకోండి. ఇచ్చే ముందు దాల్చిన చెక్క పొడి చిటికెడు చల్లాలి. అస్తూరియాస్‌లో పైన చక్కెర చల్లి ఎర్రగా కాల్చి పెంకు కట్టిస్తారు. స్కూల్లో ఆ మంట సరదా వద్దు.

పాలకూర శనగలు, సెవిల్ పద్ధతి

గుడ్లు, పాలు రెండూ తినని వాళ్లకి కడుపు నిండేది ఏదైనా ఉండాలనుకుంటే ఇది చేయండి. ఎస్పినాకాస్ కొన్ గర్బాన్సోస్ సెవిల్ నగరపు తాపా. 1670 నుంచి నడుస్తున్న ఎల్ రింకోన్సియో అనే బార్ ఇప్పటికీ దీనికి పేరుపడ్డ చోటు.

ఒక కప్పు కాబూలీ శనగలు రాత్రి నానబెట్టి, ఉప్పు వేసి కుక్కర్లో మెత్తగా ఉడికించండి. అర కిలో పాలకూర ఉడికించి నీళ్లు పిండేసి తరగండి. ఇప్పుడు అసలు కిటుకు: ఐదు పెద్ద చెంచాల ఆలివ్ నూనెలో రెండు రొట్టె ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు బంగారు రంగు వచ్చేదాకా వేయించి తీసి, చెంచా జీలకర్ర, పెద్ద చెంచా వెనిగర్, కాసిని నీళ్లతో రోట్లోనో మిక్సీలోనో ముద్ద చేయండి. ఆ వేయించిన రొట్టే గ్రేవీకి చిక్కదనం. మిగిలిన నూనెలో మంట ఆపేసి చెంచా పిమెంతోన్ వేయండి. మంట మీద వేస్తే క్షణాల్లో మాడి చేదెక్కుతుంది. వెంటనే పాలకూర, శనగలు, రొట్టె ముద్ద వేసి, మళ్లీ మంట వెలిగించి, కాసిని నీళ్లతో పది నిమిషాలు దగ్గరకి రానివ్వండి. ఉల్లి టమాటా మసాలా పడిందంటే మాత్రం అది పంజాబ్ వెళ్లిపోతుంది. చిన్న రొట్టె ముక్కల మీద చెంచాడు చొప్పున పెట్టి ఇవ్వండి.

అడుగుతారు కాబట్టి: చుర్రోస్, బ్రావాస్, గాస్పాచో

చుర్రోస్, అంటే మైదా పిండిని కడ్డీల్లా వత్తి నూనెలో వేయించేవి, చేయమని పిల్లలు పట్టుబడతారు. రుచికి తిరుగులేదు, కానీ వేయించిన అరగంటకే మెత్తబడిపోతాయి. స్కూల్లో అప్పటికప్పుడు వేయించే ఏర్పాటు ఉంటే తప్ప వద్దనే నా మాట. ఇంట్లో చేయాలనుకుంటే కప్పు నీళ్లు ఉప్పుతో మరిగించి, ఒకటింపావు కప్పు మైదాలో పోసి గట్టిగా కలిపి, జంతికల గొట్టంలో నక్షత్రం బిళ్ల పెట్టి వేడి నూనెలోకి వత్తండి. నక్షత్రం బిళ్ల అందం కోసం కాదు. గుండ్రటి రంధ్రంతో నున్నగా వత్తితే పైపొర ముందే గట్టిపడి, లోపల ఆవిరి చిక్కుకుని చుర్రో పేలుతుంది, కాగే నూనె మొహం మీదికి చిమ్ముతుంది. నక్షత్రపు గాట్ల వల్ల పిండి లోపలిదాకా సమంగా ఉడుకుతుంది. అయినా సరే, పిండి మధ్య గాలి లేకుండా గొట్టంలో గట్టిగా కూరాలి, పిల్లల్ని వంటింట్లోంచి పంపేయాలి. ముంచుకోవడానికి అర లీటరు పాలు, 120 గ్రాముల డార్క్ చాక్లెట్, పెద్ద చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి చిక్కగా కాయండి.

పతాతాస్ బ్రావాస్ మాడ్రిడ్ బార్ల తిండి: వేయించిన దుంప ముక్కల మీద పిమెంతోన్ సాస్. స్కూల్లో ఓవెన్ ఉంటేనే చేయండి, చల్లబడిన బ్రావాస్‌లో సారం లేదు. గాస్పాచో ఆందలూసియా చల్లటి టమాటా సూప్. టమాటా, దోసకాయ, క్యాప్సికం, వెల్లుల్లి, కాస్త రొట్టె, నూనె, వెనిగర్ మిక్సీలో వేసి వడగట్టి బాగా చల్లార్చడమే. పెద్దవాళ్లు మెచ్చుకుంటారు, పిల్లలు ఒక గుక్క తాగి మీ వంక చూస్తారు.

ముందురోజు, ఆ రోజు

రెండు రోజుల ముందు సరుకులు. ముందురోజు సాయంత్రం ముందుగా అరోస్ కొన్ లెచే పొయ్యి మీద పెట్టి, అది ఉడుకుతుండగా దుంపలు తరగండి. తర్వాత తోర్తియాలు, ఆఖరున టమాటా తురుము. పాలకూర శనగలు కూడా చేస్తుంటే అవీ ముందురోజే, మర్నాటికి రుచి పెరుగుతుంది. పొద్దున రొట్టె కాల్చడం, ముక్కలు కోయడం మిగులుతాయి.

గుడ్లు, పాలు, ఉడికిన అన్నం ఉన్నవి బయట రెండు గంటలకి మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన ఎండలో ఆరుబయట స్టాల్ అయితే ఒక గంటే. అందుకని ఐస్ ప్యాక్‌లతో కూలర్ పెట్టె పట్టుకెళ్లి, కొంచెం కొంచెంగా బయటికి తీయండి. బల్ల మీదవి అయిపోయాకే రెండో పళ్లెం. టూత్‌పిక్‌లు వేయడానికి ఒక ఖాళీ కప్పు, తడి టిష్యూలు, చెత్త సంచి మర్చిపోకండి.

ప్రతి వంటకం ముందు ఒక కార్డు: పేరు, ప్రాంతం, ఏమున్నాయి. తోర్తియా దగ్గర గుడ్డు ఉందని, పాయసం దగ్గర పాలు ఉన్నాయని, రొట్టె దగ్గర గోధుమ ఉందని పెద్ద అక్షరాల్లో రాయించండి.

వెనక చార్టుకి జెండా, ఎద్దు బొమ్మ, ఎర్ర గౌను అందరూ పెడతారు. అంతకంటే బల్ల మీద ఉన్నవాటితోనే చరిత్ర చెప్పించండి. 711 నుంచి 1492 దాకా స్పెయిన్‌లో ముస్లిం రాజ్యాలు ఉన్నాయి. బియ్యం, చెరకు, పాలకూర, నిమ్మ, కుంకుమపువ్వు వాళ్లతో వచ్చి స్థిరపడ్డాయి. 1492లో చివరి రాజ్యం గ్రనడా పడిపోయింది, అదే ఏడు కొలంబస్ ఓడ ఎక్కాడు. ఆ తర్వాత అమెరికా ఖండం నుంచి బంగాళాదుంప, టమాటా, మిరప, కోకో వచ్చాయి. కాబట్టి స్పెయిన్ పటం మీద తూర్పు నుంచి ఒక బాణం పాయసం కప్పు వైపు, పడమర నుంచి ఒకటి తోర్తియా వైపు గీస్తే చార్టు అయిపోయినట్టే. మిరప బాణాన్ని కాస్త పొడిగించి ఇండియా దాకా తీసుకెళ్లమనండి. పోర్చుగీసు వాళ్ల ఓడల్లో మనకి చేరింది కూడా ఆ అమెరికా మిరపే. మన ఆవకాయకి కారం అక్కడి నుంచే అంటే ఫెయిర్‌కి వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు కూడా స్టాల్ దగ్గర ఆగుతారు.

తోర్తియా మిగిలితే, అది కూలర్ పెట్టెలోంచి తీయనిదైతే, బాగెట్ ముక్క చీల్చి మధ్యలో పెట్టి మర్నాడు లంచ్ బాక్స్‌లో పంపండి. స్పెయిన్‌లో దాన్ని బొకాదియో అంటారు. బల్ల మీద రెండు గంటలు దాటినవి మాత్రం పారేయండి. దుంపలు వేయించిన నూనె వడగట్టి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారంలోపు ఆమ్లెట్లకి పనికొస్తుంది.